తాడు తెంచింది పెదనాన్న కాదు

పోయిన వేసవిలో మా కొత్త అల్లుడు సముద్రం చూడాలన్నాడు. అనంతపురం పక్క మనిషి, సముద్రాన్ని తెర మీద తప్ప చూసి ఎరగడు. జువ్వలదిన్నెకు కాస్త దక్షిణంగా, నా చిన్నతనంలో మేము వెళ్తుండిన, చేపలు పట్టి బతికే పట్టపువాళ్ళ పాళేనికి ఇప్పుడు బస్సు పడింది. ఇసుక దిబ్బల మీదుగా తారు రోడ్డు వేశారు. ఒకప్పుడు మా కారు చక్రాలు కూరుకుపోయిన చోట బస్సు ఆగింది, కండక్టరు దిగి బీడీ వెలిగించుకున్నాడు. అల్లుడు చెప్పులు చేత పట్టుకుని అలల దగ్గరకు పోయాడు. నేను ఒడ్డున పడవల మధ్య నడుస్తూ, ఒక తెప్ప తాడు కట్టి ఉన్న ఇనుప ముద్ద దగ్గర ఆగాను. సగానికి పైగా ఇసుకలో ఉంది. తుప్పు పొరలు పొరలుగా లేచింది. పక్కన వల బాగుచేసుకుంటున్న కుర్రవాణ్ణి అదేమిటని అడిగాను.

"అదా? తాడు తెంచినాయన ఇనుము."

"ఎవరాయన?"

"ఎవురో పెద్దరెడ్డంట సామీ, మా అవ్వోళ్ళ కాలంలో. వాటా ఇయ్యలేక రేవుతో తాడు తెంచుకున్నాడంట. మనిషి ఎట్టాంటోడో గానీ ఇనుము మాత్రం గట్టిది. గాలివానకి గూడా కదల్లా."

నేను వంగి ఆ ముద్దను తడిమాను. తుప్పు కింద వెల్డింగు చేసిన చోటు వేలికి తగిలింది, పాకం కారి గట్టిపడినట్టు మందంగా. ఆ కుర్రవాడు చెప్పిన పెద్దరెడ్డి మా పెదనాన్న. ఆ ఇనుము మా నల్ల కారు వెనక ఇరుసులో ఉండిన డిఫరెన్షియల్. కుర్రవాడికి నేనేమీ చెప్పలేదు. అల్లుడు తడిసిన పంట్లాముతో వచ్చి "భలే ఉంది మామయ్యా" అన్నాడు. భలే ఉందన్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్క కూర్చుని, సరుగుడు తోటలు వెనక్కి పోతుంటే, నా కళ్ళ ముందు పెదనాన్న తలగుడ్డ ఒక్కటే ఊగుతూ ఉంది.

నాకు ఊహ తెలియక ముందే అమ్మా, నాన్నా పోయారు. పెంచింది పెదనాన్న. కావలికి, బిట్రగుంటకు మధ్య, రైలు కట్టకు పడమరగా మా ఊరు. వరి పొలాలు, గడ్డివాములు, చావడి వసారాలో ధాన్యపు బస్తాలు. ఆ బస్తాల మధ్య పెదనాన్న చుట్ట వాసన. మద్రాసులో ఎవరో వకీలు అమ్ముకుంటుంటే ఆయన ఆ కారు తెచ్చాడు. దానికంటూ కొట్టం లేదు, గొడ్ల సావిట్లో ఒక పక్క ఉండేది. కోళ్ళు తలుపు సందులోంచి దూరి వెనక సీటు మీద గుడ్లు పెట్టేవి. మా పెద్దమ్మ పొద్దున్నే పాలు పితకను పోయి, వస్తూ వస్తూ కారు తలుపు తీసి గుడ్లు ఏరుకొచ్చేది. పెట్రోలు, పేడ, చుట్ట పొగ, ఎండిన చేప నీళ్ళు అన్నీ కలిసి ఆ సీటు తోలుకు ఒక వాసన ఉండేది. ఇప్పటికీ పాత బస్సు ఎక్కినప్పుడు ఒక్కోసారి ఆ వాసన అంచు తగిలి పోతుంది. వెనక్కి తిరిగి చూస్తాను. ఏమీ ఉండదు.

ఆ కారుకు ఊళ్ళో పనేమీ లేదు. పొలానికి బండి ఉంది, కావలికి రైలుంది. పెదనాన్న దాన్ని ఉంచుకున్నది రేవుకు పోను. చేపల మీద పిచ్చి అనుకునేవాళ్ళం. రేవుకు పోవాలనుకున్న రోజు ముందటి సాయంత్రమే సందడి మొదలయ్యేది. గంపలో గడ్డి పరిచి మామిడికాయలు పేర్చేవాళ్ళు. మొలగొలుకుల బియ్యం ఒక మూట, బెల్లం ఒక బుట్ట. నిమ్మకాయలో, వంకాయలో, తోటలో ఆ రోజుకు ఏవి ఉంటే అవి. పెద్దమ్మ గడప మీద నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

"చేపలకి పోతన్నారా, కూతురికి సారె తీసకపోతన్నారా?"

"నీకు కూతురు లేదు గదా. ఎవురికో ఒకరికి పెట్టాల గదా," అనేవాడు పెదనాన్న, చుట్ట ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంటూ.

తెల్లవారుజామున నన్నెవరూ లేపేవాళ్ళు కాదు. నేనే లేచేవాణ్ణి. మస్తాన్ కారు ముందర కడ్డీ పెట్టి తిప్పుతుంటే ఆ గురగుర శబ్దం నిద్రలోకి వచ్చి, కలలో ఏదో జంతువై మెల్లగా మేలుకునేది. మస్తాన్ మా డ్రైవరు, మెకానిక్కు కూడా అతనే. కావలి సాయిబుల వీధి మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. వెనక సీట్లో మామిడికాయల గంప పక్కన ముడుచుకుని పడుకుంటే, బిట్రగుంట గేటు దగ్గర రైలింజన్ల బొగ్గు పొగ, ఆ తర్వాత తడి పొలాల చలి, ఆ తర్వాత కాలువ వంతెన మీద బోలు చప్పుడు. ఆ చప్పుడు ఆగిందంటే రోడ్డు అయిపోయింది. అక్కడి నుంచి ఇసుక. మొగలి పొదల మధ్యగా కాస్త దూరం మెత్తగా, పడవ మీద పోయినట్టు పోయి, ఒక నిట్టూర్పు విడిచి కారు కూర్చునేది. వెనక చక్రాల్లో ఒకటి పిచ్చిగా తిరుగుతూ ఇసుక చిమ్మేది. రెండోది తనకేమీ పట్టనట్టు ఊరికే నిలబడేది. ప్రతిసారీ అంతే.

పెదనాన్న దిగి, దిబ్బ ఎక్కి, తలగుడ్డ విప్పి గాల్లో ఊపేవాడు. అప్పటికి సూర్యుడు నీళ్ళలోంచి సగం లేచి ఉండేవాడు. ఆ వెలుగులోంచి మనుషులు నల్లగా, సన్నగా, ఒకరి వెనక ఒకరు వచ్చేవాళ్ళు, భుజాల మీద పెద్ద వల లాగే తాడుతో. కారు ముందర తాడు కట్టి, పడవను ఒడ్డుకు లాగినట్టే ఐలేసా అంటూ లాగేవాళ్ళు. ఆ రేవుకు ఒక పద్ధతి ఉంది. తాడు మీద చెయ్యి పడిన ప్రతివాడికీ వాటా ఉంటుంది. ముసలి, ముతక, మగ, ఆడ అని లేదు. వల లాగితే చేపల్లో వాటా. కారు లాగితే కారులో ఉన్నదాంట్లో వాటా. ఆలస్యంగా వచ్చి చివర పట్టినవాడికి చిన్నది ఇస్తారు, కాని ఇవ్వకుండా పంపరు. పోలమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పోయి, ఇద్దరు పిల్లలతో బతుకుతుండేది. రేవు మొత్తం ఆమె గొంతుకు భయపడేది. వాటాలు పంచడం ఆమె పని. తాడు మీద రెండు వేళ్ళు ఆనించి నడిచేది.

"పోలమ్మా, తాడు లాగతన్నావా, తాడు మీద బట్టలారేస్తన్నావా?" అనేవాడు పెదనాన్న.

"చెయ్యి పడిందా లేదా పెద్దరెడ్డీ? నీ కారుకి నా రెండేళ్ళు చాల్లే. నీ బరువు దిగినాక ఇంక దాంట్లో ఏముండాది!"

అందరూ నవ్వేవాళ్ళు. తాడు వదులయ్యేది. మళ్ళీ లాగేవాళ్ళు. కారు పడవల దగ్గరకు చేరాక గంప దించి, పోలమ్మే మామిడికాయలు పంచేది, తనకు పెద్దది తీసుకుని. వాళ్ళ వలలోంచి మాకు చేపలు వచ్చేవి. డబ్బు మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. తిరిగి పోయేటప్పుడు మళ్ళీ తాడు, మళ్ళీ నవ్వులు. ఎండ ముదిరాక ఇల్లు చేరితే, పెద్దమ్మ ఉప్పూ బూడిదా వేసి చేపలు రుద్ది కడిగి, మట్టి దాకలో చింతపండు పులుసు పోసి, పచ్చిమామిడి ముక్కలు వేసి నిప్పుల మీద ఉంచేది. ఆ రోజు ఎవరికీ పెట్టేది కాదు. మర్నాటికి గాని రుచి పట్టదనేది. రాత్రంతా ఇల్లంతా ఆ వాసనే. ఆకలితోనే నిద్రపోయేవాళ్ళం.

ఇదంతా ఎంత బాగుండేదో నాకు అప్పుడు తెలియలేదు. కాలేజీలో చేరాక ఇద్దరు స్నేహితుల్ని సముద్రం చూపిస్తానని తీసుకువెళ్ళాను. ఒకడు నెల్లూరు డాక్టరుగారి అబ్బాయి. కారు ఎప్పటిలాగే ఇసుకలో కూర్చుంది. మనుషులు తాడుతో వచ్చారు. వాడు కిటికీలోంచి చూస్తూ, "మీ కారుకి పెట్రోలెందుకురా, ఊళ్ళో మనుషులు చాలు గదా," అన్నాడు. రెండోవాడు పగలబడి నవ్వాడు. పోలమ్మ కూడా నవ్వింది, ఆ మాట ఆమెకు నచ్చింది. నాకు మాత్రం మొహం మాడిపోయింది. ఆ వేసవంతా ఆ మాట చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

కారు ఇరుక్కోకుండా చేసే ఉపాయం ఒకటుందని విన్నది ఆ రోజుల్లోనే. వెనక ఇరుసు మధ్య డిఫరెన్షియల్ అనే గుండ్రటి పెట్టెలో చిన్న పళ్ళచక్రాలు ఉంటాయి. కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరిగేటట్టు చూసేవి అవే. ఇసుకలో ఒక చక్రం పట్టు తప్పితే బలమంతా దానికే పోయి, రెండోది ఊరుకోవడానికి కారణం కూడా అవే. ఆ పళ్ళచక్రాల్ని వెల్డింగుతో అతికేస్తే రెండు చక్రాలూ ఒక్కటిగా తిరుగుతాయి. ఇసుకలో ఇక ఆగేది లేదు. అతికించాలా వద్దా అని మా వసారాలో చాలా సాయంత్రాలు వాదన నడిచింది.

"ఇసకకి బెమ్మాండం చిన్నయ్యా," అనేవాడు మస్తాన్. అతనికీ లోపల ఆశగానే ఉంది, ఇసుకలో పారతో తవ్వేది అతనే కదా. "అయితే మనం ఇసకలోనే కాపరం ఉండం గదా. రోడ్డు మీద తోలాల. ఈదిలో మలుపు తిరగాల. అప్పుడు ఒక చక్రం ఇంకోదాన్ని ఈడస్తది. టైరన్నా అరగాల, ఇరుసన్నా ఇరగాల."

"నిదానంగా తిప్పితే సరి," అన్నాను నేను.

పెదనాన్న చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు. "కళ్ళంలో ఎడ్లని ఎట్ట కట్టినావురా మొన్న?" అని అడిగాడు నన్ను. నూర్పు కళ్ళంలో మధ్య గుంజకు దగ్గరగా ముసలి ఎద్దును, బయట పక్క పడుచు ఎద్దును కడతారు. లోపలిది నింపాదిగా తిరిగితే బయటిది గబగబా చుట్టొస్తుంది. అలాగే కట్టానని చెప్పాను.

"రెండింటి కాళ్ళూ ఒకే కర్రకి బిగించి తోలితే?"

"ముసిలిది పడిపోద్ది," అన్నాడు మస్తాన్.

"ఆఁ. రోడ్డు మీదికి అది పనికి రాదు. వొదిలెయ్యండి."

"మరి ప్రతిసారీ ఇసుకలో ఇరుక్కోవాలా పెదనాన్నా? అందరి ముందరా?"

"ఇరుక్కుంటే ఏమైందిరా? లాగేవాళ్ళు ఉండారు గదా." అంతే అన్నాడు. అందులో ఆయన చెప్పింది ఎంతో ఉంది. నాకు మొండితనమే కనపడింది.

మరుసటి వేసవిలో పెదనాన్న కంటి ఆపరేషనుకు మద్రాసు వెళ్ళాడు, పెద్దమ్మను వెంటబెట్టుకుని. ఇంట్లో నేనూ, పాలేర్లూ. మస్తాన్‌తో పెదనాన్న ఒప్పుకున్నాడని చెప్పాను. స్టేషన్లో రైలెక్కేటప్పుడు చెప్పి వెళ్ళాడన్నాను. మస్తాన్ నా మొహంలోకి చూసి, "నిజంగానా చిన్నయ్యా?" అన్నాడు. "నేను అబద్ధం చెప్తానా?" అన్నాను. బిట్రగుంట రైల్వే కాలనీ దాటాక ఒక రేకుల షెడ్డులో వెల్డింగు చేసేవాడు ఉండేవాడు. ఇరుసు విప్పి ఆ పళ్ళచక్రాలు ముందర పెడితే, "ఈ బండి ఇసకలో తిరిగేదా, రోడ్డు మీదదా?" అని అడిగాడు. రెండూ అన్నాను. "రెంటికీ ఒకటే కుదరదబ్బయా. ఒకసారి అతికినాక మళ్ళీ ఊడదీసేది ఉండదు," అన్నాడు. మస్తాన్ నా వైపు చూశాడు. కానివ్వమన్నాను. నీలంగా, కళ్ళు చెదిరేట్టు ఆ మంట వెలిగింది. చూడొద్దంటున్నా చూశాను. ఆ సాయంత్రమంతా ఎటు చూసినా ఆకుపచ్చని మచ్చలు తేలుతుండేవి.

ఇసుకలో ఆ కారు ఎలా పోయిందో నిజం చెప్పాలి. గాల్లో పోయినట్టు పోయింది. కాలువ పక్క దిబ్బల మీద మస్తాన్, నేను మార్చి మార్చి తోలాం, కేకలు పెట్టుకుంటూ. ఇంత హాయి నేను ఎరగను. రోడ్డెక్కాక మాత్రం స్టీరింగు బరువైంది. కారు తిన్నగా పోతానంటుంది, తిరగనంటుంది. ఊళ్ళోకి వచ్చి మా వీధి మలుపు తిప్పగానే టైర్లు కీచుమని అరిచాయి. అరుగుల మీద మనుషులు లేచి నిలబడ్డారు.

పెదనాన్న మద్రాసు నుంచి నల్లద్దాలు పెట్టుకుని దిగాడు. స్టేషను నుంచి కారులోనే తెచ్చాం. వీధి మలుపులో ఆ అరుపు విని, "ఏందిరా అది? పందిపిల్లేమన్నా చక్రం కింద పడిందా?" అన్నాడు. ఇంటి ముందు దిగాక, పళ్ళచక్రాలు అతికించిన సంగతి నేను చెప్పాను. నల్లద్దాల వెనక ఆయన కళ్ళు ఎలా ఉన్నాయో తెలియదు. చాలాసేపు కారు బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, గొడ్డును నిమిరినట్టు. "సరే, రేపు రేవుకి పోదాం," అన్నాడు. ఎప్పటిలాగే మామిడికాయల గంప ఎక్కించారు.

మర్నాడు వంతెన దాటాక కారు ఆగలేదు. దిబ్బలు ఎక్కి దిగి, తిన్నగా పడవల మధ్యకు పోయి నిలబడింది. ఇంజను చప్పుడు విని బయల్దేరిన మనుషులు అప్పటికే సగం దూరం వచ్చి ఉన్నారు. తాడు భుజాల మీద పెట్టుకుని వెనక్కి తిరిగి, మా వెనకే నడిచి వచ్చారు. నేను గర్వంగా దిగాను. ఎవరూ నవ్వలేదు. తాడు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చుట్టలు చుట్టి పట్టుకున్నారు. మస్తాన్ గంప దించబోతే పెదనాన్న చేత్తో వద్దని సైగ చేశాడు. తాడు పట్టనివాళ్ళకు ఇస్తే అది వాటా కాదు, బిచ్చం. ఆయనకు ఆ సంగతి తెలుసు. వాళ్ళకు మాత్రం ఆయన గంప లోపల పెట్టించడమే కనపడింది.

పోలమ్మ కారు చుట్టూ తిరిగి వచ్చింది. "మంత్రం ఏసినారా దీనికి?"

"చక్రాలు అతికించినారు," అన్నాడు మస్తాన్ నేల చూస్తూ.

"ఎవురి తెలివి పెద్దరెడ్డీ ఇది?"

నేను పెదనాన్న పక్కనే ఉన్నాను, భుజం తగిలేంత దగ్గరగా. ఆయన నా వైపు తల కూడా తిప్పలేదు. తండ్రి లేని పిల్లవాణ్ణి పదిమందిలో దోషిగా నిలబెట్టడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు. "నాదేలే," అన్నాడు. నేను నోరు తెరవలేదు. నిజం చెప్పను ఆ ఒక్క క్షణం నాకు దొరికింది, తీసుకోలేదు. ఆ రోజు చేపలు డబ్బిచ్చి కొన్నాం. ఇంటికి తిరిగొచ్చిన మామిడికాయలు గడ్డిలో పండి, మిగిలిపోయి, కుళ్ళాయి. సావిట్లో ఆ తియ్యటి వాసన చాలా రోజులు ఉంది. పెద్దమ్మ ఎందుకు తెచ్చారని అడగలేదు.

ఆ తర్వాత కూడా రేవుకు పోయాం, బేరగాళ్ళలాగా. బియ్యం, బెల్లం మాత్రం పెదనాన్న ప్రతిసారీ డిక్కీలో పెట్టించేవాడు. ఒక రోజు తిరుగు ప్రయాణంలో, తడిసి గట్టిపడిన ఇసుక మీద మస్తాన్ కారును మలుపు తిప్పుతుంటే, ఎముక విరిగినట్టు ఫట్ మంది. వెనక చక్రం ఇరుసు ముక్కతో సహా బయటికి జారి పడిపోయింది, కారు ఒక పక్కకు కుంగింది. పోటు వస్తోంది. అలలు ఒక్కొక్కటీ కాస్త ముందుకు వచ్చి చక్రాన్ని నాకి పోతున్నాయి. పెదనాన్న తలగుడ్డ విప్పాడు గాని ఊపలేదు, చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. పిలవకుండానే వాళ్ళు వచ్చారు. తాడు కట్టారు, చక్రం లేని పక్క దుంగలు దొర్లించారు, లాగారు. పోలమ్మ ఈసారి రెండు వేళ్ళు ఆనించలేదు. రెండు చేతులతో, మడమలు ఇసుకలో తన్ని లాగింది. ఐలేసా లేదు, మాట లేదు. అలల చప్పుడు, మనుషుల ఊపిరి, అంతే. కారు గట్టు చేరింది. పెదనాన్న గబగబా డిక్కీ తెరిచి బియ్యం మూట దించి ముడి విప్పాడు, బెల్లం దించాడు.

ఎవరూ ముందుకు రాలేదు. పోలమ్మ తాడు చుట్టుకుంటూ, "ఉండనీ పెద్దరెడ్డీ," అంది నెమ్మదిగా. "వాటా లేదులే దీనికి."

ఆ రేవులో వాటా లేకుండా తాడు పట్టేది ఒక్కదానికే, మనిషిని సముద్రం తీసుకుపోయాక ఖాళీగా కొట్టుకొచ్చిన తెప్పకు. పెదనాన్నకు ఆ సంగతి తెలుసు. మూట ముడి మళ్ళీ వేశాడు. కాలువ వంతెన దాకా నడిచాం, ఆయన ముందు, నేను వెనక. దారిలో పెదనాన్నతో చెప్పాలనుకున్నాను, తిరిగి వెళ్ళి వాళ్ళకు నిజం చెబుతానని. వంతెన వచ్చింది. చెప్పలేదు.

మస్తాన్ ఆ గట్టు మీదే ఇరుసు విప్పి, ఎక్కడి నుంచో తెచ్చిన పాత సామాను బిగించి కారు ఇంటికి చేర్చాడు. అతికిన ముద్దను అక్కడే పారేశాడు. ఆ మీదట మా కొలువు మాని లారీకి పోయాడు. పోయేటప్పుడు, "నేను అడిగినప్పుడు నిజం చెప్పుంటే నేనే వద్దందును గదా చిన్నయ్యా," అన్నాడు. కోపంగా కాదు, దిగులుగా. పెదనాన్న మళ్ళీ రేవుకు పోలేదు. చేపలు సైకిలు మీద ఐసు ముక్కలతో ఇంటి ముందుకే వచ్చేవి. పెద్దమ్మ అదే దాకలో అదే పులుసు పెట్టేది. ఆయన తినేవాడు, బాగుందనేవాడు, లేచేవాడు. కొన్నేళ్ళకు ఆయన పోయాడు. ఊరూ, చుట్టుపక్కల ఊళ్ళూ వచ్చాయి. పాళెం నుంచి ఒక్కరూ రాలేదు. పెద్దమ్మ మధ్య మధ్య వీధి చివరకు చూడడం నాకు గుర్తుంది.

ఇక్కడి దాకా రాసి ఆపేశాను. ఇది చదివేవాళ్ళు నెల్లూరులోనో, ఇంకెక్కడో ఉంటారు. పెదనాన్న తాడు తెంచాడనేవాళ్ళు పాళెంలో ఉన్నారు. కాగితాలు బల్ల మీద వదిలి, మర్నాడు ఒక్కణ్ణే బస్సెక్కాను.

పోలమ్మ ఉంది. తాటాకు పందిరి కింద కూర్చుని పీచు తాడు పేనుతోంది. జుట్టు ఉప్పులా తెల్లబడింది. గొంతు తగ్గలేదు. పెద్దరెడ్డి తమ్ముడి కొడుకునని చెప్పాను. మొత్తం చెప్పాను, మద్రాసు ప్రయాణం నుంచి. ఆమె చేతులు పేనుతూనే ఉన్నాయి.

"మరి ఆ మనిషి నాదేలే అన్నాడే?"

"నన్ను కాపాడ్డానికి."

"నువ్వు ఆయన పక్కనే ఉంటివి గదా."

"ఉన్నాను."

"నోరు లేకపాయనా?"

"లేకపోయింది."

పేనడం ఆగింది. "ఆయన పోయినాడని కబురొచ్చినప్పుడు పోదామన్నా నేను. తాడు తెంచినోడి ఇంటికి మనమేంది పోయేదని మగోళ్ళు వద్దన్నారు. ఈడ్నే కూచోని ఏడిస్తి." కొంగుతో మొహం కాదు, చేతులు తుడుచుకుంది. "ఇప్పుడొచ్చి చెప్తన్నావు. బాగుండాది."

అంతలో ఒడ్డున కేకలు లేచాయి, పెద్ద వల దగ్గరకు వస్తోంది. ఇప్పుడు పడవలకు ఇంజన్లు వచ్చాయి, గట్టు మీదికి వాటిని ట్రాక్టరు లాగుతుంది. ఈ ఒక్క వల మాత్రం ఇంకా చేతులతోనే లాగుతున్నారు. పోలమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "లెయ్. తాడు పోతా ఉంటే కూచోని చూసేది ఈడ లేదు."

అందరి వెనక, తాడు చివర పట్టుకున్నాను. తడి పీచు అరచేతుల్ని కోసింది. ముందు నుంచి పోలమ్మ అరిచింది: "ఒరే, ఆ ఇనుము పెద్దరెడ్డిది గాదంట్రా! తాడు తెంచింది ఈయనంట!"

"ఇప్పుడా చెప్పేది?" అన్నాడెవడో. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకుతూ తాడు పొడుగునా వచ్చి నా దాకా చేరింది. నేనూ నవ్వాను, కళ్ళు మసకలు కమ్ముతుంటే. ఎవరో ఐలేసా అందుకున్నారు.

వల ఒడ్డెక్కింది. పోలమ్మ గంప ముందర కూర్చుని ఒక్కొక్కరికీ వాటా వేస్తోంది. నా వంతు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. గంపలో వెతికి, వేలెడంత చేపను ఒకదాన్ని తీసి పైకెత్తి చూసింది.

"ఆలస్యంగా వచ్చినావు నాయనా," అంది. "నీకు ఇదే."

రెండు చేతులూ పట్టి తీసుకున్నాను.